పాత ల్యాప్‌టాప్‌లో ఓపెన్‌బీఎస్‌డీ: చేత్తో అమర్చుకునేవాళ్లకి సమగ్ర మార్గదర్శి

మీ కంప్యూటర్లో ఇప్పుడు ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయి, వాటిని ఎవరు మొదలుపెట్టారు అని అడిగితే చాలామంది చెప్పలేరు. అది వాళ్ల తప్పేం కాదు. ఒక సెట్టింగ్ మార్చాలంటే ఒక విండో ఉంటుంది, ఆ విండో వెనక ఒక సర్వీసు, దాని వెనక మరొకటి. అసలు మార్పు ఏ ఫైల్లో పడిందో ఎవరూ చెప్పరు. ఎప్పుడో ఒక అప్‌డేట్ తర్వాత వైఫై ఆగిపోతే ఎక్కడ వెతకాలో అంతుపట్టదు, మళ్లీ మొత్తం ఇన్‌స్టాల్ చేసుకోవడమే దారి అనిపిస్తుంది.

నాకు నచ్చే పద్ధతి వేరు. సిస్టమ్ చిన్నదిగా ఉండాలి. అందులో నడిచే ప్రతిదాన్నీ నేనే మొదలుపెట్టాలి. సెట్టింగులన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉండాలి, ఒక్కో ఫైలుకీ సరైన వివరణ ఆ మెషీన్‌లోనే దొరకాలి. యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఈ గుణం ఉన్నవి కొన్ని ఉన్నాయి: స్లాక్‌వేర్, వాయిడ్, ఆల్పైన్, ఓపెన్‌బీఎస్‌డీ. వీటిలో నేర్చుకోవడానికి ఓపెన్‌బీఎస్‌డీయే మేలని నా అభిప్రాయం. కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ), షెల్ (మన ఆదేశాలు తీసుకునేది), ఫైర్‌వాల్, మెయిల్ సర్వర్, విండో మేనేజర్ (విండోలను అమర్చేది), వాటి మాన్యువళ్లు అన్నీ ఒకే బృందం చేతి మీదుగా, ఒకే విడుదలగా వస్తాయి. ఈ ప్రాజెక్టును 1995లో థియో డి రాట్ కెనడాలోని కాల్గరీ నుంచి మొదలుపెట్టారు. సుమారు ఆరు నెలలకో కొత్త వెర్షన్ వస్తుంది. వేరే కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ అవడానికి వాడే, ప్రపంచంలోని సర్వర్లన్నిటిలో దాదాపుగా కనిపించే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ పుట్టింది కూడా ఇక్కడే, 1999లో.

ఒక మాట ముందే చెప్పాలి. ఆదేశాలనూ ఫైళ్ల పేర్లనూ ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. స్పెల్లింగ్ విషయంలో అనుమానం రాగలిగిన చోట అక్షరాలు విడదీసి చెప్తాను.

ముందు మీ పనికి సరిపోతుందో లేదో చూసుకోండి

బ్లూటూత్ లేదు. దాని కోడ్ 2014లో తీసేశారు, బదులుగా ఇంకోటి రాలేదు. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుకి పనికొచ్చే డ్రైవర్ లేదు. లినక్స్ కోసం తయారైన ప్రోగ్రాములు నడవవు. కాపీ రక్షణ ఉన్న వీడియో సర్వీసులు, అంటే నెట్‌ఫ్లిక్స్ లాంటివి, బ్రౌజర్లో ఆడవు. మీ రోజు వీటితోనే గడుస్తుంటే వాయిడ్ గానీ స్లాక్‌వేర్ గానీ పెట్టుకోండి. చేత్తో అమర్చుకునే పద్ధతి అక్కడా ఉంది, హార్డ్‌వేర్ ఇబ్బంది తక్కువ.

బ్రౌజింగ్, మెయిల్, వాట్సాప్ వెబ్, ప్రోగ్రామింగ్, రాత పని, పీడీఎఫ్‌లు, సినిమా ఫైళ్లు, ఇంటి సర్వర్ వీటిలో దేనికీ లోటుండదు. ఉన్న ఒక్క కంప్యూటర్ మీదే ప్రయోగం చేయకుండా రెండోది చూసుకోవడం మంచిది.

అడుగు 1: మెషీన్

ఇంటెల్ గ్రాఫిక్స్, ఇంటెల్ వైఫై ఉన్న పాత థింక్‌ప్యాడ్ దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. ఓపెన్‌బీఎస్‌డీ డెవలపర్లలో చాలామంది థింక్‌ప్యాడ్‌లే వాడతారు, అందుకే వాటి మీద పరీక్ష బాగా జరిగి ఉంటుంది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనూ, ఇలాంటి సెకండ్ హ్యాండ్ మార్కెట్లన్నిటిలోనూ కంపెనీలు వదిలించుకున్న థింక్‌ప్యాడ్‌లు వస్తుంటాయి. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలు. బ్రౌజర్ లేకపోతే 2 జీబీ కూడా ఎక్కువే.

కొనేముందు వైఫై చిప్ ఎవరిదో అడగండి. బ్రాడ్‌కామ్ అయితే చాలా మోడళ్లు పనిచేయవు. బయోస్‌లోకి (మెషీన్ సొంత సెట్టింగుల తెర) వెళ్లగలరో లేదో కూడా అక్కడే చూసుకోండి. కంపెనీల నుంచి వచ్చిన వాటికి ఒక్కోసారి బయోస్ పాస్‌వర్డ్ ఉండిపోతుంది. అందులోని సెక్యూర్ బూట్ సెట్టింగ్ ఆపకపోతే ఓపెన్‌బీఎస్‌డీ బూట్ కాదు.

అడుగు 2: పెన్‌డ్రైవ్

ప్రాజెక్టు సైట్లో ఏఎండీ64 అనే విభాగం ఉంటుంది. ఇంటెల్ 64 బిట్ మెషీన్లకూ అదే. అందులో ఇన్‌స్టాల్ అనే పదం, వెర్షన్ నంబరు, చివర ఐఎంజీ ఉన్న ఫైల్ దించుకోండి. వెర్షన్ 7.8 అయితే నంబరు 78 అని ఉంటుంది. పక్కనే ఉన్న ఎస్‌హెచ్‌ఏ256 అనే చిన్న ఫైల్ కూడా తీసుకుని, దించుకున్న దాని చెక్‌సమ్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి అంకెల వరుస) అందులోని దానితో సరిపోయిందో లేదో చూడండి. ఈ పని దాటేయకండి, దీని అవసరం అడుగు 3లో కనిపిస్తుంది.

లినక్స్‌లో డీడీ ఆదేశంతో పెన్‌డ్రైవ్‌కి ఎక్కించవచ్చు, విండోస్‌లో రూఫస్ సరిపోతుంది. ఐఎస్‌ఓ ఫైల్ సీడీల కోసం ఉద్దేశించింది, పెన్‌డ్రైవ్‌కి ఐఎంజీ ఫైలే వాడాలి.

అడుగు 3: ఇన్‌స్టాలర్ ప్రశ్నలు

బూట్ కాగానే నీలం తెర మీద తెల్ల అక్షరాలు పరిగెడతాయి. బొమ్మలుండవు, మౌస్ ఉండదు. చివర్లో ఒక ప్రశ్న ఆగి ఉంటుంది. ఐ కొట్టి ఎంటర్ నొక్కండి. ఇక అన్నీ ప్రశ్నలూ జవాబులే. చదరపు బ్రాకెట్లో ఉన్నది దాని సూచన, ఎంటర్ నొక్కితే అదే ఖాయం.

మెషీన్‌కి ఒక పేరు ఇవ్వండి. నెట్‌వర్క్ ప్రశ్నకి ఇప్పుడు డన్ అని రాసి దాటేయవచ్చు, కావలసినవన్నీ పెన్‌డ్రైవ్‌లోనే ఉన్నాయి. రూట్ (సిస్టమ్‌లో అన్ని అధికారాలూ ఉన్న యూజర్) పాస్‌వర్డ్ పెట్టండి. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ నడపాలా అంటే ల్యాప్‌టాప్‌కి వద్దనండి. ఎక్స్ విండో, అంటే గ్రాఫిక్స్ తెర, వాడతారా అంటే అవునని, దాన్ని జెనోడీఎం అనే లాగిన్ తెర మొదలుపెట్టాలా అంటే కూడా అవునని చెప్పండి. ఆ తర్వాత మీ పేరుతో ఒక యూజర్, పేరులో అన్నీ చిన్న అక్షరాలే. టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా. ఇందులో మాత్రం ఏషియాలో మొదటి అక్షరం, కోల్‌కతాలో మొదటి అక్షరం పెద్దవి.

డిస్క్ దగ్గర నెమ్మదించండి. కనిపిస్తున్న పేర్లలో ఏది లోపలి డిస్కో ఏది పెన్‌డ్రైవో తెలియకపోతే క్వశ్చన్ మార్కు కొట్టండి, సైజులతో సహా చూపిస్తుంది. డిస్క్ మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేయాలా అని అడుగుతుంది. ఈ ప్రశ్న 2023లో వచ్చిన 7.3 నుంచి ఇన్‌స్టాలర్లోనే ఉంది, అంతకుముందు చేత్తో చేసుకోవాల్సి వచ్చేది. ల్యాప్‌టాప్ బస్సులో పోయినా లోపలి కాగితాలు, ఫొటోలు బయటపడకూడదంటే పీ కొట్టి పాస్‌ఫ్రేజ్ పెట్టండి. అది మర్చిపోతే తిరిగి తెచ్చే దారి ఏదీ లేదు. తర్వాత పార్టిషన్ పద్ధతి: యూఈఎఫ్‌ఐ (కొత్త తరహా బయోస్) ఉన్న మెషీన్‌కి జీపీటీ.

అప్పుడు సిస్టమ్ తనే వేసుకున్న పార్టిషన్ల, అంటే డిస్క్ భాగాల, పట్టిక చూపిస్తుంది. ఒక్కటి చాలదా ఇన్నెందుకు అనిపించవచ్చు. ప్రతిదానికీ కారణముంది. తాత్కాలిక ఫైళ్లు వాటి చోటంతా నింపేసినా మీ సొంత ఫైళ్లుండే హోమ్ జోలికి రావు. హోమ్ పార్టిషన్‌లో ఉన్న ప్రోగ్రామ్ ఏదీ సెట్‌యూఐడీ (యజమాని అధికారంతో నడిపించే గుర్తు) దారిలో రూట్ అధికారంతో నడవకుండా మౌంట్ చేసేటప్పుడే, అంటే సిస్టమ్‌కి కలిపేటప్పుడే, అడ్డుకట్ట పడుతుంది. కరెంటు పోయి ఒకటి దెబ్బతింటే మిగతావి క్షేమంగా ఉంటాయి. నా సలహా: ఆటో లేఅవుటే తీసుకోండి. డిస్క్ 128 జీబీయే అయితే మాత్రం ఇంగ్లిష్ అక్షరం ‘ఈ’ కొట్టి ఎడిట్‌లోకి వెళ్లి సోర్స్ కోడ్ కోసం ఉంచిన యూఎస్‌ఆర్ ఎస్‌ఆర్‌సీ, యూఎస్‌ఆర్ ఓబీజే రెండూ తీసేసి, ఆ చోటు హోమ్‌కి కలుపుకోండి.

ఇక సెట్‌లు, అంటే సిస్టమ్ ఫైళ్ల మూటలు, ఎక్కడున్నాయని అడుగుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. డిస్క్ అని జవాబివ్వండి. ఆ పార్టిషన్ ఇప్పటికే మౌంట్ అయి ఉందా అంటే నో అని మీరే రాయాలి, దాని సూచన ఎస్ (అవును) కాబట్టి ఊరికే ఎంటర్ నొక్కకండి. పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకోండి. సెట్‌ల జాబితాలో దేన్నీ తీసేయకండి. గ్రాఫిక్స్ వద్దని ఎక్స్ సెట్‌లు తీసేస్తే తర్వాత ఏదో ప్యాకేజీ వాటికోసం వెతికి ఆగిపోతుంది. అప్పుడొక హెచ్చరిక వస్తుంది: సంతకం ఫైల్ లేదు, పరీక్షించకుండా కొనసాగాలా? దాని సూచన నో. ఇక్కడ ఎస్ (అవును) అనాలి. పెన్‌డ్రైవ్ ఇమేజ్‌లో సంతకం ఫైల్ పెట్టరు కాబట్టే ఈ ప్రశ్న. అడుగు 2లో చెక్‌సమ్ సరిచూసుకున్నారు కాబట్టి ధైర్యంగా ముందుకెళ్లవచ్చు.

కొద్ది నిమిషాల్లో కాపీ అయిపోతుంది. పెన్‌డ్రైవ్ తీసి రీబూట్ చేయండి.

అడుగు 4: మొదటి లాగిన్, మాన్యువల్

మొదటి బూట్‌లో కొన్ని వరుసల దగ్గర కాస్త ఆగినట్టు ఉంటుంది. లైబ్రరీలను (ప్రోగ్రాములు పంచుకునే కోడ్) ప్రతి బూట్‌లోనూ కొత్త వరుసలో పేర్చుకుంటుంది, కెర్నల్‌ని కూడా వచ్చే బూట్ కోసం కొత్త క్రమంలో లింక్ చేసి ఉంచుతుంది. కెర్నల్ విషయంలో ఈ పద్ధతి 2017లో 6.2తో వచ్చింది. ఒక మెషీన్ మీద పనిచేసిన దాడి ఇంకో మెషీన్ మీద అవే మెమరీ చిరునామాలతో పనిచేయకుండా చేయడం దీని ఉద్దేశం.

లాగిన్ తెర వచ్చాక కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కి టెక్స్ట్ కన్సోల్‌లోకి వెళ్లి రూట్‌గా లాగిన్ అవ్వండి. మెయిల్ అని కొడితే థియో పేరుతో ఒక ఉత్తరం ఎదురుచూస్తుంటుంది. చదివాక, మాన్యువల్ పేజీ చూపించే ఈ ఆదేశం:

మ్యాన్ ఆఫ్టర్‌బూట్

మొదటి బూట్ తర్వాత చూసుకోవాల్సినవన్నీ ఆ పేజీలో వరుసగా ఉన్నాయి. ఈ మార్గదర్శి కంటే అది ముఖ్యం. ఓపెన్‌బీఎస్‌డీలో మాన్యువల్ పేజీలో తప్పుంటే దాన్నీ ప్రోగ్రామ్‌లో తప్పులాగే చూస్తారు. అందుకే నెట్‌లో ఎప్పుడో ఎవరో రాసిన చిట్కాకంటే మీ మెషీన్‌లో ఉన్న పేజీ నమ్మదగినది. అది సరిగ్గా మీ వెర్షన్‌దే.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. డీ, ఎమ్, ఈ, ఎస్, జీ అక్షరాల డీమెసేజ్ ఆదేశం బూట్‌లో కనిపించిన హార్డ్‌వేర్ అంతా చూపిస్తుంది. అందులో ఐడబ్ల్యూఎం0 అని ఒక వరుస ఉందనుకోండి. చివరి సున్నా తీసేస్తే మిగిలేది డ్రైవర్ పేరు. మ్యాన్ ఐడబ్ల్యూఎం అని కొట్టండి. ఏయే ఇంటెల్ చిప్‌లకి ఇది పనిచేస్తుందో, ఏ ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే కోడ్) కావాలో, సెట్టింగ్ ఏ ఫైల్లో రాయాలో, ఆ ఫైల్లో ఏ వరుసలుండాలో అన్నీ ఒకే పేజీలో ఉంటాయి. కిందికి వెళ్తే ఉదాహరణలు, ఇంకా కిందికి వెళ్తే సంబంధమున్న పేజీల పేర్లు. సౌండ్ కార్డుకైనా టచ్‌ప్యాడ్‌కైనా ఇదే దారి. పేరు తెలియనప్పుడు ఏప్రొపోస్ ఆదేశం పక్కన ఒక పదం ఇస్తే, పేరులోనో క్లుప్త వివరణలోనో ఆ పదమున్న పేజీలన్నీ చూపిస్తుంది.

అడుగు 5: రూట్ అధికారం

ప్రతిదానికీ రూట్‌గా ఉండకూడదు. ఒక్క ఆదేశాన్ని రూట్ అధికారంతో నడపడానికి లినక్స్‌లో సుడో ఉన్నట్టే ఇక్కడ డోయాస్ ఉంది, దాన్ని ఆదేశం ముందు పెట్టాలి. అక్షరాలు డీ, ఓ, ఏ, ఎస్. టెడ్ ఉనాంగ్స్ట్ రాసిన ఈ ప్రోగ్రామ్ 2015లో 5.8తో వచ్చింది. సెట్టింగ్ ఫైళ్లుండే ఈటీసీ (ఈ, టీ, సీ) డైరెక్టరీలో డోయాస్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్ తెరిచి ఒకే ఒక్క వరుస రాయండి:

పర్మిట్ పర్సిస్ట్ :వీల్

వీల్ గ్రూపులో ఉన్నవాళ్లకి అనుమతి, ఒకసారి పాస్‌వర్డ్ ఇస్తే కొంతసేపు మళ్లీ అడగదు. ఇన్‌స్టాలర్లో మీరు చేసిన యూజర్ ఇప్పటికే ఆ గ్రూపులో ఉంటారు. సెట్టింగ్ అంతా ఇంతే. ఇక రూట్ నుంచి బయటికొచ్చి మీ పేరుతో లాగిన్ అవ్వండి.

అడుగు 6: నెట్

వైఫై ఫర్మ్‌వేర్‌ని లైసెన్స్ కారణంగా సిస్టమ్‌తో కలిపి ఇవ్వరు. అది దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే అది కావాలి. ఇంట్లో రౌటర్ కేబుల్ ఉంటే సరే. లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి, ఫోన్‌లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. చాలా ఫోన్లు యూఆర్‌ఎన్‌డీఐఎస్0 పేరుతో కనిపిస్తాయి. అప్పుడు:

డోయాస్ ఐఎఫ్‌కాన్ఫిగ్ యూఆర్‌ఎన్‌డీఐఎస్0 ఐనెట్ ఆటోకాన్ఫ్

ఫోన్ నెట్ ల్యాప్‌టాప్‌కి వచ్చేస్తుంది. వెంటనే డోయాస్‌తో ఎఫ్‌డబ్ల్యూ అండర్‌స్కోర్ అప్‌డేట్ ఆదేశం నడపండి. వైఫైతో పాటు గ్రాఫిక్స్ ఫర్మ్‌వేర్, ప్రాసెసర్ మైక్రోకోడ్ కూడా అదే చూసి తెచ్చుకుంటుంది. ఒకసారి రీబూట్ చేయండి.

ఇప్పుడు వైఫై. ఈటీసీలో హోస్ట్‌నేమ్ డాట్ ఐడబ్ల్యూఎం0 అనే ఫైల్ చేయండి, మీ డ్రైవర్ పేరు వేరైతే అది పెట్టండి. అందులో:

జాయిన్ ఇంటి‌వైఫై డబ్ల్యూపీఏకీ ఇంటి‌పాస్‌వర్డ్
జాయిన్ ఆఫీసువైఫై డబ్ల్యూపీఏకీ ఆఫీసుపాస్‌వర్డ్
ఐనెట్ ఆటోకాన్ఫ్
ఐనెట్6 ఆటోకాన్ఫ్

పేరులో ఖాళీ ఉంటే డబుల్ కోట్స్‌లో పెట్టాలి. ఎన్ని జాయిన్ వరుసలైనా రాయవచ్చు, అందుబాటులో ఉన్నదాన్ని తనే ఎంచుకుంటుంది. జియో లాంటి నెట్‌వర్కుల్లో ఐపీవీ6 (కొత్త తరహా ఇంటర్నెట్ చిరునామాలు) వాడకం ఎక్కువ కాబట్టి చివరి వరుస వదలకండి. పాస్‌వర్డ్ ఉన్న ఫైల్ కాబట్టి సీహెచ్‌మోడ్‌తో అనుమతులు 640 చేయండి. తర్వాత:

డోయాస్ ఎస్‌హెచ్ /ఈటీసీ/నెట్‌స్టార్ట్ ఐడబ్ల్యూఎం0

వైఫైకి ఇంకే ప్రోగ్రామూ అక్కర్లేదు. రేపెప్పుడైనా నెట్ రాకపోతే మొదట చూడాల్సింది ఈ ఒక్క ఫైలే.

అడుగు 7: సర్వీసులు

ఈటీసీలో ఆర్‌సీ డాట్ కాన్ఫ్ అనే ఫైల్ చదవండి గానీ ముట్టుకోకండి. మీ మార్పులన్నీ ఆర్‌సీ డాట్ కాన్ఫ్ డాట్ లోకల్‌లో ఉంటాయి. ఆర్‌సీసీటీఎల్ అనే ఆదేశం ఆ ఫైల్‌ని మీ తరఫున రాస్తుంది. ల్యాప్‌టాప్‌కి తప్పనిసరిగా కావలసింది ఏపీఎండీ:

డోయాస్ ఆర్‌సీసీటీఎల్ ఎనేబుల్ ఏపీఎండీ
డోయాస్ ఆర్‌సీసీటీఎల్ సెట్ ఏపీఎండీ ఫ్లాగ్స్ -ఏ -జెడ్ 10
డోయాస్ ఆర్‌సీసీటీఎల్ స్టార్ట్ ఏపీఎండీ

ఇందులో ఏ పెద్ద అక్షరం, జెడ్ చిన్నది. మొదటిది ప్రాసెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి మారుస్తుంది. రెండోది ఛార్జర్ లేనప్పుడు బ్యాటరీ 10 శాతానికి పడిపోతే మెషీన్‌ని నిద్రపుచ్చుతుంది. సెకండ్ హ్యాండ్ బ్యాటరీలు చెప్పాపెట్టకుండా చచ్చిపోతాయి, కాబట్టి ఈ వరుస నిజంగా అవసరం.

ఇప్పుడు నడుస్తున్న ప్రోగ్రాములను చూపించే పీఎస్ ఆదేశం ఏయూఎక్స్‌తో కొట్టి వచ్చిన జాబితాను పైనుంచి కిందికి చదవండి. రెండు మూడు తెరల్లో అయిపోతుంది. ప్రతి పేరుకీ మ్యాన్ పేజీ ఉంటుంది. ఒక సాయంత్రం కూర్చుని ఒక్కోటీ ఏమిటో చదివితే ఈ మెషీన్‌లో మీకు తెలియనిది నడవడం లేదని ఖాయంగా చెప్పగలరు. ఇంత కష్టపడి చేత్తో అమర్చుకునేది దీనికోసమే.

అడుగు 8: ఫైర్‌వాల్

పీఎఫ్ ఫైర్‌వాల్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. దీన్ని 2001లో స్విట్జర్లాండ్‌కి చెందిన డేనియల్ హార్ట్‌మయర్ రాశారు. పాత ఫైర్‌వాల్ లైసెన్స్ గొడవ వల్ల దాన్ని తీసేయాల్సి రావడంతో ఇది పుట్టింది. ఇప్పుడు ఫ్రీబీఎస్‌డీలోనూ మ్యాక్‌లోనూ ఉంది. దీని నియమాలు మాట్లాడినట్టే ఉంటాయి. ల్యాప్‌టాప్‌కి పీఎఫ్ డాట్ కాన్ఫ్‌లో ఈ నాలుగు వరుసలు చాలు:

సెట్ స్కిప్ ఆన్ ఎల్ఓ
బ్లాక్ రిటర్న్
పాస్ ఔట్
పాస్ ఇన్ ఐనెట్6 ప్రోటో ఐసీఎంపీ6

నా మెషీన్ నుంచి బయటికి ఏదైనా వెళ్లవచ్చు, దానికి జవాబు తిరిగి రావచ్చు, బయటివాళ్లు తమంతట తాముగా లోపలికి రాకూడదు. చివరి వరుస లేకపోతే ఐపీవీ6లో పక్క మెషీన్లను, రౌటర్‌ని గుర్తించే సందేశాలు కూడా ఆగిపోతాయి. పీఎఫ్‌లో చివరగా సరిపోయిన నియమమే చెల్లుతుంది. లినక్స్ ఐపీటేబుల్స్ నుంచి వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అమలు చేసేముందు పీఎఫ్‌సీటీఎల్‌కి -ఎన్‌ఎఫ్ ఇచ్చి ఫైల్ పేరు రాయండి, తప్పులుంటే వరుస నంబరుతో చెప్తుంది. ఏమీ మాట్లాడకపోతే -ఎఫ్‌తో అమలు చేయండి.

అడుగు 9: డెస్క్‌టాప్, తెలుగు

సీడబ్ల్యూఎం అనే చిన్న విండో మేనేజర్ సిస్టమ్‌తోనే వస్తుంది. మీ హోమ్‌లో డాట్ ఎక్స్‌సెషన్ అనే ఫైల్ చేసి ఇలా రాయండి:

ఎక్స్‌పోర్ట్ ఎల్‌సీ_సీటైప్=ఈఎన్_యూఎస్.యూటీఎఫ్-8
సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ -లేఅవుట్ యూఎస్,ఐఎన్ -వేరియంట్ ,టీఈఎల్ -ఆప్షన్ జీఆర్‌పీ:షిఫ్ట్స్_టాగుల్
ఎగ్జెక్ సీడబ్ల్యూఎం

మొదటి వరుసలో ఎల్‌సీ_సీటైప్, యూఎస్, యూటీఎఫ్ అన్నీ పెద్ద అక్షరాలు. ఈ వరుస లేకపోతే టెర్మినల్లో తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. రెండో వరుసలో టీఈఎల్ ముందున్న కామా మర్చిపోకండి, ఇంగ్లిష్ లేఅవుట్‌కి వేరియంట్ ఏదీ లేదని దాని అర్థం. ఇక రెండు షిఫ్ట్ కీలూ కలిపి నొక్కితే కీబోర్డు తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌కి (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) మారుతుంది, మళ్లీ నొక్కితే ఇంగ్లిష్‌కి వస్తుంది. అదనంగా ఏ సాఫ్ట్‌వేరూ వేయకుండానే.

సీడబ్ల్యూఎంలో కంట్రోల్, ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే టెర్మినల్ తెరుచుకుంటుంది. మిగతావన్నీ మ్యాన్ సీడబ్ల్యూఎంలో ఉన్నాయి. తర్వాత పీకేజీ అండర్‌స్కోర్ యాడ్ ఆదేశాన్ని డోయాస్‌తో నడిపి ఫైర్‌ఫాక్స్, నోటో ఫాంట్స్ వేసుకోండి. మండలి, సూరన్న లాంటి ఫాంట్లు కావాలంటే వాటి టీటీఎఫ్ ఫైళ్లను హోమ్‌లో డాట్ ఫాంట్స్ అనే డైరెక్టరీలో పెట్టి ఎఫ్‌సీ-క్యాష్ నడిపితే చాలు.

తెలుగు విషయంలో ఒక సంగతి తెలుసుకోవాలి. ఫైర్‌ఫాక్స్‌లో ఒత్తులు, గుణింతాలు చక్కగా కుదురుతాయి. సిస్టమ్‌తో వచ్చే ఎక్స్‌టెర్మ్ అనే టెర్మినల్‌లో కుదరవు, అక్షరాలు విడివిడిగా పడతాయి. ఒక్కో గుర్తుకీ ఒక్కో గడి ఇచ్చే పద్ధతి దానిది, తెలుగుకి అది సరిపోదు. ఫైల్ మాత్రం చెడిపోదు, చూపించడంలోనే తేడా. తెలుగులో రాసే పని ఎక్కువుంటే గ్రాఫిక్స్ ఉన్న ఈమ్యాక్స్ ఎడిటర్ వేసుకోండి. అది హార్ఫ్‌బజ్ అనే కూర్పు లైబ్రరీతో అక్షరాలను సరిగ్గా కూరుస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ రానివాళ్లకి అందులోనే తెలుగు-ఐట్రాన్స్ అనే పద్ధతి ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వస్తుంది.

ఫైర్‌ఫాక్స్‌లో ఏదైనా సైట్‌కి ఫైల్ అప్‌లోడ్ చేయబోతే మీ డాక్యుమెంట్స్ కనిపించవు, కంగారు పడకండి. ప్లెడ్జ్, అన్‌వీల్ అనే రెండు పద్ధతులతో బ్రౌజర్ చేతులు కట్టేసి ఉంచారు. డౌన్‌లోడ్స్ డైరెక్టరీ, తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ తప్ప మీ హోమ్‌లోని సొంత ఫైళ్లు దానికి కనిపించవు. పంపాల్సిన ఫైల్‌ని డౌన్‌లోడ్స్‌లోకి కాపీ చేసి పంపండి. పాడు వెబ్‌పేజీ ఒకటి బ్రౌజర్‌ని వశం చేసుకున్నా మీ బ్యాంకు కాగితాలు దాని కంట పడవు. ఈ చిన్న అసౌకర్యాన్ని నేనైతే సంతోషంగా భరిస్తాను.

మైక్, కెమెరా కూడా మొదట మూసే ఉంటాయి. వీడియో కాల్ కావాలంటే సిస్‌సీటీఎల్‌తో కెర్న్ డాట్ ఆడియో డాట్ రికార్డ్, కెర్న్ డాట్ వీడియో డాట్ రికార్డ్ రెండింటినీ 1 చేయండి. కాల్ అయ్యాక మళ్లీ 0. కెమెరా డివైస్ ఫైల్ మీద మీ యూజర్‌కి అనుమతి కూడా ఉండాలి.

అడుగు 10: మార్పుల లెక్క

చేత్తో అమర్చుకున్న సిస్టమ్‌కి పెద్ద ప్రమాదం ఏమిటంటే, ఏం మార్చామో మనమే మర్చిపోవడం. దీనికి ఓపెన్‌బీఎస్‌డీ లోపలే ఏర్పాటుంది, చాలామంది దాన్ని వాడుకోరు. ఈటీసీలో చేంజ్‌లిస్ట్ అనే ఫైల్ ఉంది, అందులో ముఖ్యమైన సెట్టింగ్ ఫైళ్ల పేర్లన్నీ ఉంటాయి. రోజూ ఒకసారి సిస్టమ్ వాటిని నిన్నటి కాపీతో పోల్చి, తేడా ఉంటే ఏ వరుస పోయి ఏ వరుస వచ్చిందో రూట్‌కి మెయిల్ చేస్తుంది. పాత కాపీలు /వార్/బ్యాకప్స్ డైరెక్టరీలో ఉంటాయి.

అయితే ఆ పని రాత్రి 1:30కి నడుస్తుంది. అప్పటికి ల్యాప్‌టాప్ మూసి ఉంటే ఆ రోజుకి నడవదు. కాబట్టి వేళకు నడిచే పనుల పట్టికను డోయాస్ క్రాన్‌ట్యాబ్ -ఈ అని తెరిచి, డైలీ అని ఉన్న వరుసలో సమయాన్ని మీరు మెషీన్ ముందుండే వేళకి మార్చండి. ఆ మెయిల్ మీకు రావాలంటే ఈటీసీ మెయిల్‌లోని ఏలియసెస్ ఫైల్లో రూట్ ఎదురుగా మీ యూజర్ పేరు రాసి, న్యూఏలియసెస్ నడపండి.

దీనికి తోడు హోమ్‌లో ఒక మామూలు టెక్స్ట్ ఫైల్ పెట్టుకోండి. తేదీ, మార్చిన ఫైల్, ఎందుకు మార్చారు. ఏం మారిందో సిస్టమ్ చెప్తుంది, ఎందుకో మీరే రాయాలి. తెలుగులోనే రాసుకోండి.

కరెంటు పోయి మెషీన్ ఆగిపోతే

ఇక్కడి ఫైల్ సిస్టమ్‌కి జర్నలింగ్ (చేయబోయే మార్పులను ముందే రాసుకునే పద్ధతి) లేదు. ఉన్నట్టుండి ఆగిపోతే తర్వాతి బూట్‌లో ఎఫ్‌ఎస్‌సీకే అనే ప్రోగ్రామ్ అన్ని పార్టిషన్లనూ పరీక్షిస్తుంది, కొంచెం సమయం పడుతుంది. ఎక్కువసార్లు తనే సరిచేసుకుని ముందుకెళ్తుంది. ఎప్పుడైనా ఎఫ్‌ఎస్‌సీకేని మీరే నడపండి అని ఆగిపోతే టెన్షన్ పడకండి. షెల్ పేరు అడిగినప్పుడు ఎంటర్ నొక్కి, ఎఫ్‌ఎస్‌సీకే -వై నడిపి, రీబూట్ చేయండి. ఆధారం తెగిన ఫైళ్లేవైనా ఉంటే ఆ పార్టిషన్‌లోని లాస్ట్+ఫౌండ్‌లో దొరుకుతాయి. బ్యాటరీ లేని డెస్క్‌టాప్‌కి పెట్టుకుంటే మాత్రం యూపీఎస్ ఉండాల్సిందే. ఈటీసీ, హోమ్ రెండింటినీ వారానికోసారి టార్ ఆదేశంతో బయటి డిస్క్‌కి కాపీ తీసుకోండి.

ఆరు నెలలకోసారి అప్‌గ్రేడ్

చివరి రెండు వెర్షన్లకే భద్రతా సవరణలు వస్తాయి, అంటే ఒక్కో వెర్షన్ ఆయుష్షు సుమారు ఏడాది. మధ్యలో వచ్చే సవరణలకి డోయాస్ సిస్‌ప్యాచ్ చాలు. ప్యాకేజీలకి పీకేజీ అండర్‌స్కోర్ యాడ్ -యూ.

కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ముందు సైట్లో ఆ వెర్షన్ అప్‌గ్రేడ్ గైడ్ చదవండి. ఏ సెట్టింగ్ మారిందో, ఏది తీసేశారో అందులో ఉంటుంది. హోమ్ పార్టిషన్‌లో ఒకటి రెండు జీబీలు ఖాళీ చూసుకుని డోయాస్ సిస్‌అప్‌గ్రేడ్ నడపండి. దించుకోవడం, రీబూట్, ఇన్‌స్టాల్ అన్నీ అదే చేస్తుంది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే బూట్ అయిన ప్రతిసారీ పాస్‌ఫ్రేజ్ ఇవ్వడానికి దగ్గరుండాలి.

తర్వాత లాగిన్ అయి సిస్‌మర్జ్ నడపండి. మీరు మార్చిన ఫైల్‌ని కొత్త వెర్షన్ కూడా మార్చి ఉంటే, రెండింటినీ పక్కపక్కన చూపించి ఏ వరుస ఉంచాలో అడుగుతుంది. అడుగు 10లో రాసుకున్న నోట్స్ పక్కన తెరిచి ఉంచుకుంటే ఒక్కో ప్రశ్నకీ జవాబు క్షణంలో దొరుకుతుంది. అది అయ్యాక ప్యాకేజీలు అప్‌డేట్ చేసి, చివరగా ఆర్‌సీసీటీఎల్ ఎల్‌ఎస్ ఫెయిల్డ్ అని కొట్టండి. మీరు ఎనేబుల్ చేసిన సర్వీసుల్లో ఏదైనా నడవకుండా ఉంటే దాని పేరు చూపిస్తుంది. ఏ పేరూ రాకపోతే అప్‌గ్రేడ్ పూర్తయినట్టే.